తొక్కలో దాగిన సంపద

వేసవి ఎండలు ముదిరే నాటికి తెలుగు పట్టణాల వీధి మలుపులలో పండ్లరసాల బండ్లు వెలుస్తాయి. బత్తాయి రసం తాగి దాహం తీర్చుకొని వెళ్లే బాటసారి చూపు బండి పక్కన ఆనించి ఉన్న గోనెసంచి మీద సాధారణంగా పడదు. రసం పిండిన తొక్కలు, పిప్పి, గింజలు ఆ సంచిలో చేరుతుంటాయి. మధ్యాహ్నానికి సంచి నిండుతుంది. సాయంత్రానికి దాని చుట్టూ ఈగలు మూగుతాయి. రాత్రి బండివాడు దానిని చెత్తకుండీ దగ్గర దింపి ఇంటిదారి పడతాడు. తూకం వేసి చూస్తే, ఆ దినం అతడు కొన్న కాయల బరువులో దాదాపు సగం ఆ సంచిలోనే ఉంటుంది.

ఆ సగం బరువుకు కూడా రైతు నీరు పోశాడు. నల్లగొండ ప్రాంతంలోనైనా, అనంతపురం, కడప ప్రాంతాలలోనైనా బత్తాయి తోట పెంచడం తేలిక కాదు. మొక్క నాటిన కొన్నేళ్లకు గాని చెప్పుకోదగిన కాపు రాదు. బోర్లు ఎండిన వేసవులలో ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి చెట్లను బతికించుకున్న రైతులు అక్కడ ఎందరో ఉన్నారు. అంత ఖరీదైన నీటితో పండిన పండులో సగం చెత్తకుండీ పాలవుతున్నదంటే, దానిని కేవలం పారిశుద్ధ్య సమస్యగా చూసి వదలివేయడం తగదు. ఆ సగంలో ఏమున్నది? దానిని వెలికి తీయడం ఎట్లా? తీసినందువల్ల ఎవరికి మేలు? మొదటి రెండు ప్రశ్నలకు రసాయనశాస్త్రం రెండు వందల సంవత్సరాలుగా సమాధానం చెబుతూనే ఉన్నది. మూడవ ప్రశ్న మాత్రం తెలుగు నేల మీద ఇంకా ప్రశ్నగానే నిలిచి ఉన్నది.

బత్తాయి, నారింజ, కమలా, నిమ్మ, దబ్బ, పంపరపనస మొదలైనవన్నీ ఒకే కుటుంబానికి చెందిన ఫలాలు. వీటిని నిమ్మజాతి ఫలాలు అంటారు. ప్రపంచంలో ఏటా పది కోట్ల టన్నులకు మించి ఇవి పండుతున్నాయి. బ్రెజిల్ దేశంలోని సావోపావ్లో రాష్ట్రంలో నారింజ పంటలో అధిక భాగం నేరుగా రసం కర్మాగారాలకే వెళుతుంది. అమెరికాలోని ఫ్లోరిడా, ఇటలీలోని సిసిలీ ద్వీపం కూడా ఈ పరిశ్రమకు పేరుపొందినవే. అటువంటి కర్మాగారాలలో తొక్క గోనెసంచులతో కాదు, లారీలతో కొలిచేంతగా పోగవుతుంది. సిసిలీవాసులు రసం తీయగా మిగిలిన ఈ ముద్దను ‘పాస్తాత్సో’ అని పిలుస్తారు. చెత్తకు ప్రత్యేకంగా ఒక పేరు పెట్టుకోవలసి వచ్చిందంటే దాని పరిమాణం ఎంతటిదో ఊహించవచ్చు.

ఈ ముద్దతో వచ్చే చిక్కులు అన్నీ ఇన్నీ కావు. పచ్చి తొక్కలో నూటికి ఎనభై పాళ్ల వరకు నీరే. తక్కినదానిలో చక్కెరలు ఉంటాయి గనుక అది త్వరగా పులుస్తుంది, బూజు పడుతుంది. కుప్పగా పోస్తే దాని నుండి కారే పుల్లని ఊట భూమిలోకి, కాలువలలోకి దిగుతుంది. పోనీ, పేడలాగా గోబర్ గ్యాస్ తొట్టిలో వేద్దామంటే, తొక్కలోని తైలం అడ్డు తగులుతుంది. నారింజ తొక్కను వంచి నలిపినప్పుడు చివ్వున చిమ్మే సువాసన గల తైలమే అది. అందులో నూటికి తొంభై పాళ్లకు పైగా లిమొనీన్ అనే పదార్థం ఉంటుంది. సూక్ష్మజీవుల నుండి కాయను కాపాడేందుకు చెట్టు సమకూర్చుకొన్న ఆయుధాలలో లిమొనీన్ ఒకటి. కాయను కాపాడిన ఆయుధమే తొట్టిలో గ్యాసు పుట్టించే సూక్ష్మజీవుల పని కూడా కుంటుపరుస్తుంది.

తొక్కను తెచ్చి ఊరకే నేల మీద పోసినా మేలు జరిగిన సందర్భం ఒకటి లేకపోలేదు. మధ్య అమెరికాలోని కోస్టారికా దేశంలో 1990వ దశకం చివరలో డేనియల్ జాన్జెన్, విన్నీ హాల్వాక్స్ అనే జీవశాస్త్రవేత్తల దంపతులు చేసిన సూచన మేరకు, ఒక రసం కర్మాగారం సుమారు 12,000 టన్నుల తొక్కను, పిప్పిని గ్వానకాస్తే రక్షిత ప్రాంతంలోని మూడు హెక్టార్ల బీడు మీద పోసింది. పోటీ కంపెనీ న్యాయస్థానాన్ని ఆశ్రయించడంతో ఆ పని అంతటితో ఆగిపోయింది. ఆ చోటును అందరూ మరచిపోయారు. 2013లో పరిశోధకులు తిరిగి వెళ్లి చూసేసరికి అక్కడ దట్టమైన అడవి ఉన్నది. తొక్క పోయని పక్క నేలతో పోల్చితే నేల పైనున్న వృక్షసంపద 176 శాతం అధికంగా ఉన్నదని 2017లో వారు ప్రకటించారు. తొక్క విషం కాదనడానికి ఇది నిదర్శనం. అయితే పదిహేనేళ్లు తలుపు వేసి ఉంచగల బీడు ప్రతి ఊరికీ ఉండదు కదా!

ఫ్లోరిడా కర్మాగారాలు వేరొక మార్గం పట్టాయి. తరిగిన తొక్కకు కొద్దిగా సున్నం కలిపి, యంత్రాలతో నొక్కి నీటిని పిండి, మిగిలిన దానిని ఆరబెట్టి పశువుల దాణాగా అమ్మడం అక్కడ అలవాటయింది. ఇందులో సున్నానికి ఉన్న పాత్ర గమనింపదగినది. సున్నం కలపని తొక్కను ఎంత నొక్కినా నీటిని వదలదు. చేతిలో జారుతూ బంకముద్దలాగా ఉంటుంది. సున్నం తగిలిన కాసేపటికి ఆ పట్టు సడలి నీరు విడివడుతుంది. నీటిని అంత గట్టిగా పట్టుకొన్నది ఏది? సున్నం దేని పట్టును సడలించింది? ఆ పదార్థం పేరు పెక్టిన్. తొక్కను త్వరగా ఆరనివ్వకుండా, రవాణాకు భారమయ్యేట్లు, కుళ్లేట్లు చేస్తున్న ఆ నీటిపట్టు గుణమే దానిని విలువైన వస్తువుగా కూడా చేసింది.

పెక్టిన్ జీవ పాలిమర్ల కోవకు చెందినది. ఒకే రకమైన చిన్న అణువులు పూసలలాగా ఒకదాని వెంట ఒకటి కూడి ఏర్పడిన పొడవైన గొలుసును పాలిమర్ అంటారు. పాలిథీన్ సంచి, నైలాన్ తాడు మనిషి కర్మాగారంలో చేసుకొన్న పాలిమర్లు. పత్తిలోని సెల్యులోజ్, బియ్యంలోని పిండిపదార్థం, పట్టుదారంలోని ప్రోటీను ప్రాణులు తమ దేహాలలోనే అల్లుకొన్నవి. కనుక అవి జీవ పాలిమర్లు. పెక్టిన్ గొలుసులోని పూస పేరు గాలక్టురోనిక్ ఆమ్లం. అటువంటి పూసలు వందల సంఖ్యలో కూడి ఒక గొలుసు అవుతుంది.

బత్తాయి తొక్కను గోటితో గీరి చూస్తే రెండు పొరలు కనిపిస్తాయి. పై పొర పలుచన. పసుపుపచ్చని రంగు, తైలపు తిత్తులు అందులోనే ఉంటాయి. దాని కింద దూదివలె మెత్తగా, తెల్లగా, కాస్త చేదుగా ఉండే పొర రెండవది. పంపరపనసలో ఈ తెల్లని పొర బొటనవేలంత మందాన కూడా ఉంటుంది. తినేవారు మొట్టమొదట వలిచి పారవేసేది దీనినే. పెక్టిన్ సమృద్ధిగా ఉండేది కూడా దీనిలోనే. మొక్క కణాల గోడలను పల్లెటూరి మట్టిగోడతో పోల్చవచ్చు. మట్టిగోడలో వరిగడ్డి పోచలు బలాన్ని ఇస్తాయి. వాటిని అంటిపెట్టుకొని నిలిపేది మట్టి. కణం గోడలో గడ్డిపోచల పని సెల్యులోజ్ చేస్తుంది, మట్టి పని పెక్టిన్ చేస్తుంది. కాయ పచ్చిగా ఉన్నప్పుడు ఈ మట్టి గట్టిగా బిగిసి ఉంటుంది. పండేకొద్దీ ఎంజైములు పెక్టిన్ గొలుసులను తెంచడం వల్ల గోడలు సడలి పండు మెత్తబడుతుంది. దోరజామతో జెల్లీ చక్కగా కుదిరి, మిగలపండిన జామతో కుదరకపోవడానికి కారణం ఇదే.

వంట చేసే చేతులకు ఈ సంగతి శాస్త్రవేత్తల కంటె ముందే తెలుసు. నారింజ తొక్కలతో మార్మలేడు వండే ఐరోపా గృహిణులు గింజలను, తెల్లని పొరను పలుచని బట్టలో మూటకట్టి ఉడుకుతున్న రసంలో వేలాడదీసేవారు. ఆ మూట లేనిదే పాకం గడ్డకట్టదని వారికి అనుభవం చెప్పింది. ఉప్పులో ఊరవేసిన నిమ్మకాయల ఊట నాళ్లు గడిచేకొద్దీ చిక్కబడి జిగురుగా మారడం తెలుగువారి ఇళ్లలో అందరూ ఎరిగినదే. తొక్కలోని పెక్టిన్ పులుపులోకి దిగడమే అందుకు కారణం.

శాస్త్రగ్రంథాలలో దీని చరిత్ర చింతపండుతో ఆరంభమవుతుంది. ఐరోపావారు చింతపండును ‘భారతీయ ఖర్జూరం’ అనే అర్థమిచ్చే అరబ్బీ పేరుతోనే నేటికీ పిలుస్తున్నారు. క్రోమియం, బెరిలియం మూలకాలను కనుగొన్న ఫ్రెంచి రసాయనవేత్త లూయీ నికొలా వోక్లాఁ 1790లో చింతపండును విశ్లేషించి, అందులో జిగురువంటి పదార్థం ఒకటి ఉన్నదని గుర్తించాడు. దాని సంగతి తేల్చినవాడు మరొక ఫ్రెంచివాడు, హెన్రీ బ్రకొనో. నాన్సీ నగరంలోని వృక్షోద్యానానికి ఆయన అధిపతి. అనేక మొక్కలలో ఆ పదార్థం ఉన్నదని 1825లో నిరూపించి, ‘గడ్డకట్టేది’ అనే అర్థం గల గ్రీకు మాట నుండి దానికి పేరు పెట్టాడు. 1838లో అన్సెల్మ్ పాయెన్ కొయ్య నుండి సెల్యులోజ్‌ను వేరు చేశాడు. ఆ విధంగా కణం గోడలోని గడ్డిపోచ, మట్టి రెండూ పదమూడేళ్ల వ్యవధిలో శాస్త్రానికి చిక్కాయి. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో జర్మనీలో ఆపిల్ రసం తీయగా మిగిలిన పిప్పి నుండి పెక్టిన్ తీసి జామ్ తయారీదారులకు అమ్మడం మొదలయింది. క్రమంగా ఆపిల్ పిప్పి వెనుకబడి నిమ్మజాతి తొక్క ముందుకు వచ్చింది. ఎండిన ఆపిల్ పిప్పిలో పెక్టిన్ నూటికి పది పదిహేను పాళ్లు ఉంటే, ఎండిన నిమ్మజాతి తొక్కలో ఇరవై నుండి ముప్పై పాళ్ల వరకు ఉండడమే దీనికి కారణం.

పెక్టిన్ గడ్డకట్టే తీరు తెలియనిదే దానిని తీసే తీరు అర్థం కాదు. నీటిలో కరిగిన పెక్టిన్ గొలుసుల మీద రుణవిద్యుదావేశం ఉంటుంది. అందువల్ల అవి ఒకదానినొకటి దూరంగా నెట్టుకొంటాయి. పులుపు చేరితే ఆ ఆవేశం తగ్గుతుంది. చక్కెర చేరితే, గొలుసులను చుట్టుకొని ఉన్న నీటిని అది తనవైపు లాగుకొంటుంది. అప్పుడు గొలుసులు దగ్గరై, అక్కడక్కడ ముడిపడి, చేపల వలవంటి అల్లిక ఏర్పడుతుంది. నీరంతా ఆ వల కళ్లలో చిక్కుపడి కదలలేక నిలిచిపోతుంది. అదే జామ్. సామాన్యమైన పెక్టిన్‌కు ఇందుకు నూటికి యాభై అయిదు పాళ్లకు మించిన చక్కెర, పీహెచ్ విలువ 3.5 కంటె తక్కువగా ఉండే పులుపు కావాలి. పెక్టిన్ పూసలకు అతికి ఉండే మిథైల్ సమూహాలను కొన్నింటిని తొలగిస్తే మరొక రకం పెక్టిన్ వస్తుంది. దానికి చక్కెరతో అవసరం లేదు, కాల్షియం చాలు. కోడిగుడ్లను అమర్చే అట్టపెట్టె గుంతలలో గుడ్లు కూర్చున్నట్లు రెండు గొలుసుల మధ్య కాల్షియం అయాన్లు కూర్చుంటాయని 1973లో శాస్త్రవేత్తలు వివరించారు. మధుమేహం ఉన్నవారి కోసం చక్కెర తగ్గించి చేసే జామ్ ఈ రకానిదే.

ఇక వెలికితీత. చెప్పడానికి సులువైన ఈ పనిలో మొదటి శత్రువు కాలం. పండును కోసి పిండిన క్షణం నుండే తొక్కలోని ఎంజైములు పెక్టిన్ మీద దాడి మొదలుపెడతాయి. బూజు, సూక్ష్మజీవులు కూడా వాటికి తోడవుతాయి. ఒకటి రెండు దినాలు ఆలస్యమైతే గొలుసులు తునాతునకలవుతాయి. తునకలయిన గొలుసు ఎన్ని కిలోలున్నా జామ్‌ను గడ్డకట్టించలేదు. కనుక తొక్కను వెంటనే మరిగే నీటిలోనో ఆవిరిలోనో కొన్ని నిమిషాలు ఉంచి ఎంజైములను నిర్వీర్యం చేస్తారు. తరువాత చల్లని నీటితో కడిగి చక్కెరలను, చేదును, దుమ్మును తొలగిస్తారు. వెనువెంటనే పెక్టిన్ తీసే సదుపాయం లేని చోట తొక్కను బాగా ఆరబెట్టి నిలవ చేస్తారు. డెన్మార్క్ దేశంలోని లిల్లె స్కెన్స్‌వెడ్ అనే ఊరిలో ప్రపంచంలోని పెద్ద పెక్టిన్ కర్మాగారాలలో ఒకటి ఉన్నది. ఆ దేశంలో నారింజ తోటలు లేవు. ఎండిన తొక్క ఓడల మీద లాటిన్ అమెరికా నుండి అక్కడికి చేరుతుంది.

రెండవ దశలో తొక్కను ఆమ్లం కలిపిన వేడినీటిలో నానబెడతారు. పీహెచ్ విలువ సుమారు 2 ఉండేట్లు ఆమ్లాన్ని కలిపి, 70 నుండి 90 డిగ్రీల సెల్సియస్ వేడి మీద గంట మొదలు కొన్ని గంటల వరకు కలియబెడతారు. గోడలో పెక్టిన్‌ను బిగించి ఉంచిన బంధాలను ఆమ్లం సడలిస్తుంది. వాటి మధ్యనున్న కాల్షియంను తప్పించి గొలుసులను నీటిలోకి వదులుతుంది. వంటలో పాకం పట్టినట్లే ఇక్కడ కూడా అదను తెలియాలి. వేడి చాలకపోతే పెక్టిన్ తొక్కలోనే ఉండిపోతుంది. మితిమీరితే బయటికి వచ్చిన గొలుసులే తెగిపోతాయి. ఆపైన చిక్కని ద్రవాన్ని వడకట్టి, పిప్పిని వేరు చేసి, తేటను కొంత ఇగురగొడతారు.

మూడవ దశ చూడముచ్చటగా ఉంటుంది. పెక్టిన్ నీటిలో కరుగుతుంది గాని ఆల్కహాల్‌లో కరుగదు. తేటకు రెండింతల ఆల్కహాల్ కలిపేసరికి అంతవరకు కంటికి కనపడని పెక్టిన్ ఒక్కసారిగా తెల్లని పోగులుగా, ఉడికిన సేమ్యావలె విడివడి తేలుతుంది. ఆ పోగులను పిండి, మళ్లీ ఆల్కహాల్‌తో కడిగి, ఆరబెట్టి, పొడి చేస్తారు. వాడిన ఆల్కహాల్‌ను బట్టీపట్టి తిరిగి వాడుకొంటారు. పొడికి విలువ కట్టే పద్ధతి కూడా విచిత్రమైనదే. ఒక గ్రాము పెక్టిన్ ఎన్ని గ్రాముల చక్కెరను నిర్ణీతమైన బిగువుతో గడ్డకట్టించగలదో అదే దాని గ్రేడు. వ్యాపారంలో 150 గ్రేడు పెక్టిన్ సర్వసామాన్యం. అంటే చిటికెడు పొడి దోసెడు పాకాన్ని నిలబెడుతుందన్నమాట.

లెక్క వేసి చూస్తే ఈ పనిలోని లాభనష్టాలు స్పష్టపడతాయి. వెయ్యి కిలోల పండు నుండి రసం తీస్తే సుమారు అయిదు వందల కిలోల పచ్చి తొక్క, పిప్పి మిగులుతాయి. అవి ఎండితే నూరు కిలోలవుతాయి. వాటి నుండి వచ్చే పెక్టిన్ ఇరవై, మహా అయితే పాతిక కిలోలు. తక్కిన నాలుగు వందల కిలోల నీటిని ఆవిరి చేయడానికి ఇంధనం కావాలి. తేటకు రెండింతల ఆల్కహాల్ కావాలి. ఆమ్లం కలిసిన మురుగునీటిని శుద్ధి చేయాలి. పెక్టిన్ పోగా మిగిలిన డెబ్బై ఎనభై కిలోల పిప్పికి మళ్లీ దారి చూపాలి. చెత్త నుండి సంపద తీయబోయి మరొక చెత్తను పుట్టించడం అనే ఈ చిక్కును ఆ పరిశ్రమ చాలాకాలం పాటు పట్టించుకోలేదనే చెప్పాలి.

ఇటీవలి పరిశోధనలు ఎక్కువగా ఈ చిక్కు చుట్టూనే తిరుగుతున్నాయి. ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ క్లార్క్ బృందం బ్రెజిల్, స్పెయిన్ దేశాల శాస్త్రవేత్తలతో కలిసి నారింజ తొక్క మీద పనిచేసి, 2011లో తమ పద్ధతిని లోకానికి తెలియజేసింది. వంటింటి మైక్రోవేవ్ పొయ్యిలో వాడే తరంగాలనే ఎక్కువ శక్తితో ప్రయోగించడం ఆ పద్ధతిలోని కీలకం. తొక్కలో ఎలాగూ ఉన్న నీరు లోపలినుండే వేడెక్కి కణాలను పగులగొడుతుంది. ఖనిజ ఆమ్లం కలుపకుండానే పెక్టిన్, లిమొనీన్ రెండూ బయటికి వస్తాయి. మిగిలిన సెల్యులోజ్ కూడా సన్నని రంధ్రాలు గల ఉపయోగకరమైన పదార్థంగా మారుతుంది. అంతవరకు శత్రువుగా ఉన్న నీటినే పనిముట్టుగా మలచుకోవడం ఇందులోని తెలివి. శబ్దతరంగాలతో, ఎంజైములతో గోడలను సడలించే పద్ధతులు కూడా ప్రయోగశాలలలో సాగుతున్నాయి. ప్రయోగశాలలో కుదిరినది టన్నుల లెక్కన కుదరడం మరొక ఎత్తు.

తొక్కలోని తక్కిన పదార్థాలకు కూడా దారులు తెరుచుకొంటున్నాయి. 2014లో సిసిలీకి చెందిన అద్రియానా సాంతనోచితో, ఎన్రికా అరేనా అనే ఇద్దరు యువతులు కతానియా నగరంలో ఒక సంస్థను నెలకొల్పి, పాస్తాత్సోలోని సెల్యులోజ్‌ను వేరు చేసి దారంగా వడికించి బట్ట నేయించారు. 2017లో ఇటలీలోని ప్రసిద్ధ వస్త్ర, పాదరక్షల సంస్థ ఫెర్రగామో ఆ బట్టతో దుస్తులు తయారు చేయించింది. పారవేసిన పిప్పి పట్టువలె మెరిసే కండువా కావడం పత్రికలకు సహజంగానే కనువిందయింది. లిమొనీన్ స్వయంగా పాలిమర్ కాదు. అయితే అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ కోట్స్ బృందం 2004లో లిమొనీన్ ఆక్సైడును బొగ్గుపులుసు వాయువుతో కలిపి ఒక కొత్త పాలిమర్‌ను తయారు చేసింది. గాలిలో పేరుకొంటున్న వాయువు, చెత్తలో కలుస్తున్న తైలం రెండూ కలిసి ప్లాస్టిక్ వంటి పదార్థం కావడం విశేషమే.

పెక్టిన్‌తో పలుచని పొరలను పోతపోసి పొట్లాలుగా వాడవచ్చునన్న వార్తలు తరచు వెలువడుతుంటాయి. వాటిని చదివి ప్లాస్టిక్ సంచికి కాలం చెల్లిందనుకోవడం తొందరపాటు. ఉత్త పెక్టిన్ పొర పెళుసుగా ఉంటుంది. గ్లిసరాల్ వంటిది కలిపితే గాని వంగదు. అన్నింటికంటె ముఖ్యం, తడి తగిలితే అది కరిగిపోతుంది. వానలో కూరగాయలు మోసే సంచిగా అది పనికిరాదు. నీటిలో కరగడమే కావలసిన చోట, తినదగిన పలుచని పూతగా ఉండవలసిన చోట దాని విలువ వేరు. పెక్టిన్ నిజంగా రాణిస్తున్న రంగాలు వేరే ఉన్నాయి. పుల్లని పాల పానీయాలలో పాల ప్రోటీను గడ్డలు కట్టకుండా నిలిపేది అదే. జంతువుల ఎముకలు, చర్మాల నుండి తీసే జెలటిన్ వద్దనుకొనేవారి కోసం చేసే మెత్తని మిఠాయిలలో దానికి బదులు వాడేది కూడా తరచు పెక్టిన్‌నే. ఆహార పొట్లాల మీద 440 అనే సంఖ్య కనిపిస్తే అది పెక్టిన్ అని గ్రహించాలి. దినానికి ఆరు గ్రాముల పెక్టిన్ రక్తంలో కొలెస్టరాల్‌ను సరైన స్థాయిలో ఉంచడానికి తోడ్పడుతుందని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లో అంగీకరించింది.

ఇంత విలువైన పదార్థం తెలుగు ప్రాంతాల తొక్క నుండి ఎందుకు రావడం లేదన్న సందేహం కలగడం సహజం. సావోపావ్లోలో తొక్క ఒకేచోట గుట్టగా దొరుకుతుంది. ఇక్కడ బత్తాయిలో అధిక భాగం పండుగానే అమ్ముడుపోతుంది. దాని తొక్క హైదరాబాదు, విజయవాడ వీధులలో వేల బండ్ల దగ్గర, లక్షల ఇళ్లలో గుప్పెడు గుప్పెడుగా చెదిరి ఉంటుంది. ఆ గుప్పెళ్లను కూడగట్టేలోగా ఎంజైములు తమ పని ముగిస్తాయి. అందువల్ల బండివాని గోనెసంచి దగ్గర ఆరంభించడం ఆచరణలో అంత సులభం కాదు. కాయ పెద్ద ఎత్తున కుప్పపడే చోటు మార్కెట్ యార్డు.

నెల్లూరు ప్రాంతంలోని గూడూరు నిమ్మ మార్కెట్టు పేరు వినని వ్యాపారి ఉండడు. వేసవిలో నిమ్మ ధర ఆకాశాన్ని అంటుతుంది. కాపు ముమ్మరించి గిరాకీ పడిపోయిన నెలలలో కోతకూలి కూడా గిట్టదు. అటువంటప్పుడు రైతు కాయను చెట్టుకే వదలివేయడమో, యార్డు బయట పారబోయడమో జరుగుతుంది. చిత్రమేమంటే, జామ్ తయారీకి మేలైన పెక్టిన్ ఇచ్చే తొక్కలలో నిమ్మ తొక్కకు మంచి పేరున్నది. రైతు కంటనీరు పెట్టి పారబోసిన కాయలో పరిశ్రమ కోరే సరుకు ఉన్నదన్నమాట. అలాగని ఊరూరా పెక్టిన్ కర్మాగారం పెట్టించడం తెలివైన పని కాదు. ఆల్కహాల్‌ను బట్టీపట్టే పరికరాలు, అగ్నిప్రమాద నివారణ, మురుగుశుద్ధి చిన్న పెట్టుబడితో అయ్యేవి కావు. డెన్మార్క్ కర్మాగారం ఉదాహరణ మరొక దారి చూపుతున్నది. ఎండిన తొక్క తనంతట తానే అమ్మకపు సరుకు. రసం పిండి, తొక్కను తరిగి, ఆవిరి పట్టి, కడిగి, ఆరబెట్టే వరకు రైతుల సహకార సంఘం వంటిది చేసుకోగలదు. ఆపై దశలు పెద్ద కర్మాగారానికి వదలవచ్చు. ఎండ ఈ నేలకు కొదవ లేని ఇంధనం. అయితే మబ్బు పట్టిన దినాలలో నేల మీద ఆరవేసిన తొక్కకు బూజు పడితే కొనేవాడు ఉండడు. చెట్టు మీద చల్లిన పురుగుమందుల అవశేషాలు తొక్కలోనే ఎక్కువగా నిలుస్తాయి గనుక సేద్యంలో కూడా జాగ్రత్త అవసరమవుతుంది. ఈ రెండు విషయాలలో శ్రద్ధ చూపని చోట తొక్క మళ్లీ చెత్తగానే మిగులుతుంది.

పెక్టిన్ ఉనికిని కళ్లారా చూడడానికి కర్మాగారం దాకా వెళ్లనక్కరలేదు. కళాశాల ప్రయోగశాలలో అధ్యాపకుని సమక్షంలో ఒక గంటలో తేల్చుకోవచ్చు. బత్తాయి తొక్క లోపలి తెల్లని పొరను నూరు గ్రాములు తీసి సన్నగా తరిగి, మరిగే నీటిలో అయిదు నిమిషాలు ఉంచి వార్చాలి. ఆ ముక్కలు మునిగేటన్ని మంచినీళ్లు పోసి, రెండు నిమ్మకాయల రసం పిండి, సన్నని సెగ మీద నలభై నిమిషాలు ఉడికించి, పలుచని బట్టలో వడకట్టాలి. వచ్చిన తేట పూర్తిగా చల్లారాలి. స్పిరిట్‌కు నిప్పు ఇట్టే అంటుకొంటుంది గనుక బర్నరును ఆర్పి దూరంగా పెట్టిన తరువాతనే తక్కిన పని. తేటకు రెండింతల రెక్టిఫైడ్ స్పిరిట్‌ను గాజుపాత్ర అంచు వెంట మెల్లగా పోసి కదల్చకుండా వదలాలి. కొద్ది నిమిషాలలో రెండు ద్రవాలు కలిసే చోట పొగమంచు వంటి తెల్లదనం కమ్ముతుంది. అది పోగులుగా చిక్కబడి పైకి తేలుతుంది. గాజు కడ్డీతో మెల్లగా తిప్పితే ఆ పోగులు కడ్డీని చుట్టుకొని మీదికి వస్తాయి. వాటిని బట్టలో పిండి, పింగాణీ పళ్లెంలో పరచి గాలికి ఉంచితే మరునాటికి గోధుమరంగు తిరిగిన పలుచని రేకు మిగులుతుంది. తూచి చూస్తే అది కొద్ది గ్రాములే. ఒక చెంచా గోరువెచ్చని నీటిలో వేస్తే ఆ రేకు నెమ్మదిగా ఉబ్బి, నీటినంతటినీ తనలోకి తీసుకొని, చెంచాను వంచినా జారని జిగురుముద్ద అవుతుంది.